అరచేతిలో ఆవిరియంత్రము

మన పాఠశాలలలో ఆవిరియంత్రమును బోధించుట కలదు గాని చూపుట అరుదు. పుస్తకములో ఒక పటముండును. ఉపాధ్యాయుడు దానిని నల్లబల్లమీద గీయును: ఒక సిలిండరు, అందులో పిస్టను, పైన ఒక కవాటము, ఆవిరి వచ్చు దారికి ఒక బాణపు గుర్తు, పోవు దారికి మరియొకటి. విద్యార్థి ఆ పటమును నోటుపుస్తకములోనికి ఎక్కించుకొని, పరీక్షలో మరల గీసి, మార్కులు తెచ్చుకొనును. పూర్వము ఈ లోపమును రైలుస్టేషను కొంతవరకు తీర్చుచుండెను. బొగ్గుపులుసు వాసన, చక్రముల నడుమ ముందువెనుకలకు కదలు ఉక్కుచువ్వలు, ఈలతోపాటు ఎగయు తెల్లని పొగమంచు, ఇవి పల్లెటూరి పిల్లవానికి సైతము తెలిసినవే. మన దేశపు బ్రాడ్‌గేజి దారులపై ఆవిరి బండ్ల నిత్యసేవ 1995లో ముగిసినది. కావున నేడు పాఠము చెప్పు యువ ఉపాధ్యాయులలో పెక్కుమందికి కూడ ఈ యంత్రము పటమే గాని పదార్థము కాదు.

అట్టి యంత్రమును జానకు మించని ఎత్తున, తన యింటిలోని చిన్న లేతుమీద తానే చేసికొని, నిజమైన ఆవిరితో నడపి చూచు అభిరుచి ఒకటి లోకములో ఉన్నది. ఇంగ్లండులో దానికి నూరేండ్లకు పైబడిన సంప్రదాయము కలదు. చూచువారికి అది పెద్దల బొమ్మలాట వలె తోచును. ఐతే ఆవిరియంత్ర చరిత్రనే మలుపు త్రిప్పినది ఒక చిన్న బొమ్మ యంత్రమని జ్ఞాపకముంచుకొన్నచో ఆ చిన్నచూపు నిలువదు.

గ్లాస్గో విశ్వవిద్యాలయములో ప్రకృతిశాస్త్రపు తరగతికై న్యూకమెన్ యంత్రపు నమూనా ఒకటి ఉండెడిది. దాని సిలిండరు వ్యాసము 2 అంగుళములు, పిస్టను నడక 6 అంగుళములు. అది సరిగా పనిచేయలేదు. బాగుచేయుటకై లండనులోని సిస్సన్ అను పరికరముల పనివానికి పంపిరి, ప్రయోజనము కలుగలేదు. 1763-64 చలికాలములో ఆ పని జేమ్స్ వాట్ చేతికి వచ్చెను. వాట్ అప్పటికి ప్రొఫెసరు కాడు, పండితుడుగా పేరొందినవాడును కాడు. విశ్వవిద్యాలయపు ఆవరణలో 1757 నుండి ఒక గదిలో కూర్చుండి త్రాసులు, దిక్సూచులు మొదలగువానిని బాగుచేయు పనివాడు. అతడు నమూనాను సవరించి మంట పెట్టెను. అది నాలుగైదు ఊపులు ఊగి నిలిచిపోయెను. బాయిలరు దాని పాలిటికి తగినంత పెద్దదిగనే ఉన్నది. అతుకులలో లోపము లేదు. ఐనను ఆవిరి చాలుట లేదు!

మరియొకడైనచో, చిన్న యంత్రము గనుక ఇంతేనని వదలివేసెడివాడు. వాట్ ఆ మాటనే ప్రశ్నగా తీసికొనెను. చిన్నదైనంత మాత్రమున ఎందుకిట్లు కావలెను?

ఇచ్చట ఉపాధ్యాయులు తరగతిలో ఒక లెక్క చేయింపవచ్చును. ఒక సిలిండరును అన్నివైపుల పన్నెండవ వంతునకు తగ్గించితిమి అనుకొందము. దాని లోపలి గోడల వైశాల్యము 144వ వంతగును. లోపల పట్టు ఆవిరి ఘనపరిమాణము మాత్రము 1728వ వంతగును. అనగా చిన్న సిలిండరులోని ప్రతి చుక్క ఆవిరికి, పెద్దదానితో పోల్చినచో, పన్నెండు రెట్ల చల్లని గోడ ఎదురగును. న్యూకమెన్ యంత్రములో ప్రతి ఊపునకును చన్నీటిని సిలిండరులోపలనే చిమ్మి ఆవిరిని నీరుగా మార్చుదురు. అప్పుడు గోడలు చల్లబడును. తరువాత వచ్చు ఆవిరిలో ఎక్కువ భాగము పిస్టనును కదలించుటకు కాక, ఆ గోడలను మరల వేడిచేయుటకే ఖర్చగును. పెద్ద యంత్రములోను ఈ దుబారా ఉన్నది. కాని అది గనుల దగ్గరి బొగ్గుకుప్పలలో కనబడక దాగియుండెను. నమూనా దానిని పన్నెండంతలు చేసి బయటపెట్టినది.

వాట్ మరియొక వింతను కనుగొనెను. ఆవిరిగా మారిన కొద్దిపాటి నీరు తన తూకమునకు ఆరురెట్ల బావినీటిని మరుగు వేడికి తేగలుగుచున్నది. ఇదేమని అతడు జోసెఫ్ బ్లాక్ అను ఆచార్యుని అడుగగా, ఆయన తాను కనుగొని బోధించుచున్న గుప్తోష్ణ సిద్ధాంతమును వివరించెను. నేటి విద్యార్థి దీనిని నిమిషములో సరిచూడగలడు: గ్రాము ఆవిరి నీరగునప్పుడు 540 కెలోరీలు విడుచును, 10 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తెచ్చుటకు గ్రామునకు 90 కెలోరీలు చాలును, 540ని 90తో భాగించినచో 6. పనివాని బల్లకును పండితుని బల్లకును నడుమ కొన్ని అడుగుల దూరమే ఉండుట ఆ విశ్వవిద్యాలయపు అదృష్టము. 1765 మే నెలలో, సిలిండరును ఎల్లప్పుడు వేడిగానే ఉంచి, ఆవిరిని చల్లార్చుటకు వేరొక పాత్రను అమర్చవలెనను ఊహ వాట్‌కు తట్టెను. 1769లో పేటెంటు లభించెను. ఆ చిన్న నమూనా నేటికిని గ్లాస్గోలోని హంటేరియన్ మ్యూజియములో భద్రముగా నున్నది.

ఊహ తట్టినది 1765లో. ఆ పద్ధతిని అనుసరించిన పెద్ద యంత్రములు వ్యాపారముగా పనిలోనికి దిగినది 1776లో. నడుమ పదునొకండేండ్లు జాగేల? డబ్బు చిక్కులు కొంత కారణము. అంతకంటె పెద్ద కారణము, గుండ్రని సిలిండరు దొరకకపోవుటయే. మాట వినుటకు వింతగా నుండును గాని, ఆ కాలమున పెద్ద ఇనుపగొట్టమును లోపల సరియైన వలయముగా తొలుచు నేర్పు ఎవరికిని లేదు. ఒకచోట పిస్టను బిగిసికొనును, మరియొకచోట సందులనుండి ఆవిరి పోవును. ఫిరంగులు తొలుచుటకై జాన్ విల్కిన్సన్ 1774లో కల్పించిన విధానము నుండి పుట్టిన యంత్రము ఈ చిక్కును విడదీసెను. విల్కిన్సన్ తొలిచి యిచ్చిన 50 అంగుళముల సిలిండరులో పాత షిల్లింగు నాణెము మందమంత తేడా కూడ లేదని వాట్ భాగస్వామి మాథ్యూ బౌల్టన్ సంబరపడి వ్రాసెను. షిల్లింగు మందము మిల్లీమీటరునకు అటునిటు. నేడు అభిరుచికొరకు లేతు పట్టు వాని మేజామీది పనికి అంత తేడా సిగ్గుచేటు! అతని పిస్టనునకు, సిలిండరునకు నడుమ విడువదగిన సందు మిల్లీమీటరులో యాబదియవ వంతు మాత్రమే. తలవెండ్రుక మందములో అది మూడవ వంతో, నాలుగవ వంతో యగును.

ఈ మార్పునకు మూలము లేతే. లేతు మనకు క్రొత్తది కాదు. తరిమెన పట్టుట అను మాట తెలుగులో పాతది. ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తరిమెనపై త్రిప్పుచు, ఆ తిరుగుడు వేడికే లక్కను కరగించి రంగు లెక్కించు పని ఈనాటికిని చూడదగినది. అక్కడ ఉలి పనివాని చేతిలో నుండును. బొమ్మ అందమంతయు ఆ మణికట్టులో నున్నది. లోహపు లేతులో ఉలి చేతిలో నుండదు. దానిని ఒక బండిపై బిగించి, ఆ బండిని మరల సాయముతో జరుపుదురు. ఈ జారుడు బండిని, మరలు కోయు లేతును 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్‌స్లే స్థిరమైన రూపమునకు తెచ్చెను. మనుష్యుని చేతివణకు నాడు పనిలోనుండి తొలగెను. చేతి నేర్పు తొలగినదని మాత్రము అనుకొనరాదు. అది ఉలిని పట్టుట నుండి వస్తువును పట్టించుటలోనికి మారినది.

1898 జనవరిలో పెర్సివల్ మార్షల్ అను ఆయన లండనులో "మోడల్ ఇంజనీర్" పత్రికను ఆరంభించెను. గుమాస్తాలు, బడిపంతుళ్లు, రైలు పనివారు, వైద్యులు తమ పెరటి కొట్టములలో చిన్న యంత్రములు చేయుచు ఆ పత్రికలో ఒకరికొకరు తెలుపుకొనుచుండిరి. థేమ్సు నదీతీరమందలి హెన్లీలో స్టూవర్ట్ టర్నర్ సంస్థ ఇంట చేసికొనువారికై పోత ముక్కలను అమ్మసాగెను. దాని యంత్రములలో "10వి" అను నిలువు యంత్రము మిక్కిలి ప్రసిద్ధి. సిలిండరు వ్యాసము ముప్పాతిక అంగుళము, పిస్టను నడకయు ముప్పాతిక అంగుళమే. గతిచక్రము 3 అంగుళములు. ఆ పోతలు నేటికిని దొరకుచున్నవి. ఇక 1920లలో ఎల్.బి.ఎస్.సి. అను కలంపేరుతో వ్రాసిన కర్లీ లారెన్స్ రెండున్నర అంగుళముల పట్టాలపై నడచు బొగ్గు ఇంజను మనిషిని కూర్చుండబెట్టుకొని లాగగలదని వాదించి, చేసి చూపెను. చిన్న బాయిలరులో బొగ్గు మండదని, స్పిరిటు దీపమే దిక్కని చెప్పుచుండిన వృత్తి నిపుణులతో అతడు పత్రికలో సాగించిన తగవు "బాయిలర్ల యుద్ధము"గా పేరు పొందినది. రెండవ ప్రపంచయుద్ధము ముగియగనే నాటింగ్‌హామ్ వద్దనుండి వెలువడిన మైఫోర్డు "ఎం.ఎల్.7" లేతు ఈ అభిరుచికి ఇంటింటి పనిముట్టు ఐనది.

ఇప్పుడు పనిలోనికి వత్తము. పోతఇనుముతో వచ్చిన సిలిండరు ముక్క గరుకుగా, ఇసుక అంటుకొని, బూడిదరంగున ఉండును. దానిపైపొర మిక్కిలి గట్టిది. మొదటి కోత పిరికిగా పైపైన గీచినచో ఉలిమొన అరిగిపోవును. పొరక్రిందికి దిగునట్లు ఒక్కసారి లోతుగా కోయవలెను. లోపలి ఇనుము మెత్తనిది. దానిలో కలిసియున్న గ్రాఫైటు తానే నూనెవలె పనిచేయును గనుక నూనె చుక్క అక్కరలేదు. కోసిన రజను నల్లని పొడియై చేతుల నిండ అంటుకొనును.

ముక్కను నాలుగు దవడల చక్కులో బిగించుట అసలు పని. ఒక్కొక్క దవడను వేరువేరుగా జరుపుచు, చేతితో త్రిప్పి చూచుచు, నడిమి బిందువు ఊగులాడక నిలుచువరకు సవరింపవలెను. అలవాటు లేనివానికి గంట పట్టును. తరువాత లోపలి రంధ్రమును తొలిచి, ఆ పట్టు విప్పకుండగనే ఒక చివరను నున్నగా కోయవలెను. ఎందుకనగా ఒకే పట్టులో కోసిన రంధ్రమును, చివరి తలమును తప్పక ఒకదానికొకటి లంబముగా నుండును. ఒకసారి విప్పి మరల బిగించినచో ఆ లంబము దైవాధీనము. యూక్లిడు జ్యామితిలో లంబము గీత. ఇక్కడ లంబము ఒక పనిపద్ధతి. అది తప్పినచో మూత వంకరగా కూర్చుండును, పిస్టను చువ్వ రాచుకొనును, యంత్రము బిగిసికొనును.

తొలిచినంతట కొలత పూర్తికాదు. ఉలిని మోయు సన్నని కడ్డీ కోతబరువుకు కొంచెము వంగును. కావున చివరి కోతలో ఉలిని ఏమాత్రము ముందునకు జరుపక, అదే అమరికతో రెండుమూడు సారులు నడపవలెను. వంగిన కడ్డీ నిటారగుకొలది మరికొంత పొడి రాలును. బండిని జరుపు మరకును, దాని బిరడకును మధ్య కొద్దిపాటి వదులుండును. అందువలన పిడిని ఎల్లప్పుడు ఒకే దిక్కునుండి త్రిప్పి గుర్తునకు తేవలెను. మన విద్యార్థి ప్రయోగశాలలో స్క్రూగేజితో తీగ మందము కొలుచునప్పుడు ఇదే జాగ్రత్తను వల్లె వేయును. ఒక మిల్లీమీటరులో నూరవ వంతును రికార్డులో వ్రాసి మరచిపోవును. ఆ నూరవ వంతు ఎక్కువైనచో పిస్టను దూరదు, నాలుగు నూరవ వంతులు తక్కువైనచో ఆవిరి నిలువదు అని తెలిసిన నాడు స్క్రూగేజి అతనికి వేరొక వస్తువగును.

పిస్టను, చువ్వలు, గతిచక్రము మొదలగునవి ఓపిక కొలది సాగును. వానిని వదలి కవాటము దగ్గర ఆగుదము. బుద్ధికి పని అక్కడ ఉన్నది. ఆవిరిని పిస్టనునకు పైనొకసారి, క్రిందనొకసారి పంపు జారుడు కవాటమును ఎక్సెంట్రిక్ అను చక్రము నడపును. ఆ చక్రపు నడిమి రంధ్రము కేంద్రములో నుండదు, ప్రక్కకు జరిగియుండును. దీనిని క్రాంకునకు ఏ కోణమున బిగింపవలెను? పిస్టను పైకొనకు చేరినప్పుడు దాని వేగము సున్న. సరిగా ఆ క్షణముననే కవాటము తన నడకకు మధ్యలో ఉండి, అత్యంత వేగముతో దారి తెరచుచుండవలెను. ఒకటి నిలిచినప్పుడు రెండవది పరుగెత్తవలెనన్నమాట. గణితము చదివినవారు దీనిని సైను, కొసైను రేఖలని ఇట్టే గుర్తింతురు: రెంటికి 90 డిగ్రీల ఎడము. ఆవిరి దారులకంటె కవాటపు అంచులు కొంచెము వెడల్పుగా నుండును గనుక మరికొన్ని డిగ్రీలు కలుపవలెను. ఎక్సెంట్రిక్‌ను రెండవవైపునకు అంతే కోణమున త్రిప్పి బిగించినచో యంత్రము వెనుకకు తిరుగును. ఈ ఒక్క చిన్న మేకును వదులుచేసి బిగించుట ద్వారా విద్యార్థి నేర్చుకొను త్రికోణమితి పది లెక్కలలో రాదు.

బాయిలరు విషయములో మాత్రము చనువు పనికిరాదు. బడిలో పిల్లలచేత బాయిలరు చేయింపరాదనియే నా అభిప్రాయము. అంగుళమునకు 40 పౌనుల పీడనమున ఆవిరి వేడి సుమారు 141 డిగ్రీలు. రేడియో పనికి వాడు సీసపు టంకము 183 డిగ్రీల ప్రాంతమున కరగును. నీరు కొంచెము తగ్గి రేకు వేడెక్కినచో అతుకు ఊడును. అందుచేత రాగిరేకును వెండి టంకముతోనే అతుకుదురు. చేసిన బాయిలరును మొదట ఆవిరితో పరీక్షింపరు; నీటితో నింపి, పనిపీడనమునకు రెండింతల ఒత్తిడి నిచ్చి చూతురు. నీరు అణగదు గనుక దానిలో దాగిన శక్తి స్వల్పము. అతుకు విడినచో చిన్న చుక్క కారి ఊరకుండును. ఆవిరి అట్లు కాదు. మరుగు వేడిమించిన నీరు పీడనము తొలగినంతనే కొంత భాగము ఆవిరిగా మారును. నీరు ఆవిరియైనప్పుడు సుమారు 1600 రెట్లు వ్యాపించును. తరగతి గదికి మోటారుబండి చక్రములకు గాలికొట్టు పంపు చాలును. గాలితోను ఆ యంత్రము నడచును, కవాటపు పాఠమంతయు చెప్పును.

ఇది మన దేశపు చేతికి అందని పని అనుకొనువారికి ఒక ఉదంతము. శ్రీరామపురము క్రైస్తవ మిషనువారు తమ కాగితపు మిల్లుకై 1820లో ఇంగ్లండునుండి పండ్రెండు అశ్వశక్తుల ఆవిరియంత్రమును తెప్పించిరి. జనులు దానిని అగ్నియంత్రమని చెప్పుకొనుచు గుంపులుగా వచ్చి చూచిరి. హుగ్లీ నదికి ఆవలి గట్టున టిటాగఢ్ ఉన్నది. ఆ ఊరి కమ్మరి గోలక్ చంద్ర ఆ యంత్రమును ఆదర్శముగా గైకొని, యూరోపియను పనివారి సాయము లేకుండ, చిన్న ఆవిరియంత్రమొకటి చేసెను. 1828లో కలకత్తా టౌన్‌హాలులో వ్యవసాయ, ఉద్యాన సంఘమువారి ప్రదర్శనకు దానిని తెచ్చెను. సంఘమువారు మెచ్చి 50 రూపాయల బహుమాన మిచ్చిరి.

వాట్‌కును, గోలక్ చంద్రకును చేతినేర్పులో ఎంత తేడా ఉండెనో చెప్పజాలము. బల్లల దూరములోని తేడా మాత్రము స్పష్టము. ఒకని గది ప్రక్కనే గుప్తోష్ణము బోధించు ఆచార్యుడు ఉండెను; "ఇదేల?" అని అడుగుటకు పది అడుగులు నడచిన చాలును. ఒకని కొలిమి ప్రక్కన నది ఉండెను. ఆవలి గట్టున యంత్రమున్నది గాని, దాని వెనుక నున్న శాస్త్రమును అతనితో చర్చించు తరగతి లేదు. మెచ్చుకోలు దొరికినది, ప్రశ్న దొరకలేదు. మన బడులలో నేటికిని ఈ ఎడము పూర్తిగా పూడలేదు. 2016 నుండి అటల్ టింకరింగ్ లాబుల పథకము క్రింద ఎంపికైన పాఠశాలలకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చుచు, త్రీడీ ప్రింటర్లు మొదలగువానిని సమకూర్చుచున్నారు. మంచిదే. ఐతే ప్లాస్టికు వస్తువు మీట నొక్కగా పుట్టును; ఇనుము ఎదురు తిరుగును. ఆ ఎదురుతిరుగుటలోనే పాఠమున్నది. ఊరిలోని లేతు షెడ్డులో నూరవ వంతు మిల్లీమీటరును వ్రేలికొనతో పట్టగల పనివాడు ఉన్నాడు. వీధికి ఇవతల భౌతికశాస్త్రపు మాస్టారున్నాడు. వీరిరువురును ఒక శనివారము మధ్యాహ్నము ఒక బల్లదగ్గర కూర్చుండుటకు ఏ పథకమును అక్కరలేదు.

యంత్రము తిరిగిన పిమ్మట చేయదగిన లెక్క ఒకటి మిగిలినది. 19 మిల్లీమీటరుల సిలిండరు వైశాల్యము సుమారు 2.85 చదరపు సెంటీమీటరులు. సగటు పీడనము సెంటీమీటరునకు 1.4 కిలోలైనచో పిస్టనుపై బరువు 4 కిలోలు. ఒక చుట్టునకు పిస్టను రెండు నడకలు, 38 మిల్లీమీటరులు. నిమిషమునకు 600 చుట్లు, అనగా సెకనుకు 10. కావున సెకనుకు 38 సెంటీమీటరులు. లెక్క కట్టినచో సుమారు 15 వాట్లు, అశ్వశక్తిలో యాబదియవ వంతు. ఇది కాగితముమీది మాట. గతిచక్రముపై ఒక త్రాడు వేసి, రెండు కొసలను రెండు స్ప్రింగు త్రాసులకు కట్టి, చక్రమును ఆ రాపిడికి వ్యతిరేకముగా తిరుగనీయవలెను. రెండు త్రాసుల తేడా 200 గ్రాములని అనుకొందము. 76 మిల్లీమీటరుల చక్రపు అంచు సెకనుకు సుమారు 2.4 మీటరులు పరుగెత్తును గనుక, చేతికి వచ్చిన సామర్థ్యము 5 వాట్లకు మించదు. మిగిలిన 10 వాట్లు ఎక్కడికి పోయినవి? బేరింగులలో కొంత, చువ్వచుట్టు బిగించిన నారలో కొంత, పిస్టను సందులో కొంత. గాలికి బదులు ఆవిరితో నడపుచున్నవారు సిలిండరునకు ఒక వరుస ఉన్నిదారము చుట్టి, అదే త్రాసులతో మరల కొలిచి, ఆ రెండవ అంకెను మొదటిదాని ప్రక్కన వ్రాసికొనవలెను.